యాత్రలో తిండి, మనసులో దిగులు



చాలామంది లోపల మోస్తూ పైకి చెప్పుకోని ఒక దిగులు గురించి ఈ పాఠంలో మాట్లాడుకుందాం. ఊరు వెళ్తే బరువు పెరిగిపోతానేమో అన్న దిగులు ఇది. "ఇంత చిన్న సంగతికి ధమ్మం దాకా ఎందుకండీ?" అని మీరు అడగొచ్చు.

ఒక్కసారి ఆలోచించండి. డబ్బు కూడబెట్టి, సెలవు పెట్టి, సికింద్రాబాద్‌లో రైలెక్కి ఒక రోజుకు పైగా ప్రయాణం చేసి ఒక ఉపాసిక బుద్ధగయకి వెళ్తుంది. బోధి వృక్షం ఎదురుగా కూర్చుంటుంది. కళ్ళు మూసుకోగానే మనసులోకి వచ్చేది పొద్దున తిన్న నాలుగు పూరీలు, బిగుసుకుపోయిన జాకెట్టు, ఇంటికెళ్ళాక తోడికోడలు అనబోయే మాట. ఇంకొకరు గ్రూపు ఫోటో అనగానే వెనక వరసలోకి తప్పుకుంటారు. మరొకరు భోజన దానం జరుగుతుంటే తలనొప్పి అని చెప్పి గదికి వెళ్ళిపోతారు. "పోయినసారి వెళ్ళొచ్చాక తగ్గడానికి ఆర్నెల్లు పట్టింది, ఈసారి నేను రాను" అని యాత్రే మానుకునే వాళ్ళూ ఉన్నారు.

ఇది చిన్న దుఃఖం కాదు. మనిషి ఉన్నచోట మనిషిని ఉండనివ్వని దుఃఖం. దుఃఖం ఉన్నచోట ధమ్మానికి పని ఉంది. అందుకే ఈ పాఠం.

దిగులుకు మేత ఎవరు వేస్తున్నారు?

ఇంట్లో ఉన్నప్పుడు తిండికి ఒక క్రమం ఉంటుంది. ఏ పూట ఏం వండాలో, ఎంత తినాలో చేతికి తెలుసు. ప్రయాణంలో ఆ క్రమం తెగిపోతుంది. రైల్లో గంటకోసారి సమోసా, చాయ్. పక్క బెర్తువాళ్ళు విప్పిన డబ్బాలో పులిహోర, సకినాలు, మురుకులు. గయలో దిగితే తిల్‌కుట్, నలంద దారిలో సిలావ్ ఖాజా. పైగా రోజంతా బస్సులో కూర్చోవడం. మన చేతిలో ఉన్నది జారిపోతున్నట్టు అనిపించగానే మనసు గాభరా పడుతుంది.

ఈ గాభరాకు బుద్ధుడు పేరు పెట్టాడు. సాధనకు అడ్డుపడే ఐదు నీవరణాల్లో నాలుగోది ఉద్ధచ్చ కుక్కుచ్చం. ఉద్ధచ్చం అంటే మనసు నిలవకుండా ఎగిరిపడటం. కుక్కుచ్చం అంటే "అయ్యో, చేశానే" అని గతాన్ని తవ్వుకుంటూ కుమిలిపోవడం. బరువు దిగులులో ఈ రెండూ ఉంటాయి. మనసు ఒకసారి రేపటి తూకం మీదికి దూకుతుంది, ఇంకోసారి నిన్నటి జిలేబీ మీదికి వెళ్తుంది. ఇవాళ మాత్రం ఖాళీగా మిగిలిపోతుంది.

నీవరణాలకు కూడా ఆహారం ఉంటుందని సంయుత్త నికాయంలో బుద్ధుడు వివరించాడు. ఒంటికి తిండి ఎలాగో, దిగులుకు అయోనిసో మనసికారం అలాగ. అంటే తీరు తప్పిన ఆలోచనను పదేపదే మనసులో తిప్పడం. ఇక్కడ మనల్ని మనం అడగాల్సిన మాట ఒకటుంది. ఒంటికి మూడు పూటలే పెడుతున్నామని లెక్క చూసుకుంటున్నాం. దిగులుకు రోజుకు ఎన్ని పూటలు పెడుతున్నాం? అద్దం ముందు ఒక పూట, ఫోటోలు చూస్తూ ఒక పూట, పక్కవాళ్ళ పళ్ళెం చూసి ఒక పూట. దానికి మేత తగ్గిస్తే అది తనంతట తానే చిక్కిపోతుంది.

రెండు బాణాలు

సల్ల సుత్తంలో బుద్ధుడు చెప్పిన పోలిక మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక మనిషికి బాణం తగిలింది. నొప్పి పుట్టింది. ఎరుక లేనివాడు ఆ నొప్పి గురించి ఏడ్చి, గుండెలు బాదుకొని రెండో బాణం కూడా గుచ్చుకుంటాడు. మొదటిది ఒంటికి తగిలినది, రెండోది మనసుకు తగిలించుకున్నది.

పొట్ట నిండా తిన్నాక ఆయాసం, నడుం దగ్గర బిగింపు, కాళ్ళు బరువెక్కడం. ఇవి మొదటి బాణం. ఇవి కాసేపటికో రోజుకో పోయేవే. "నాకు నిగ్రహం లేదు, నేను ఎప్పటికీ ఇంతే, అందరూ నన్నే చూస్తున్నారు" అన్న మాటలు రెండో బాణం. ఇవి యాత్ర పొడుగునా వెంటొస్తాయి.

ఆ సుత్తంలో జనం అంతగా చెప్పుకోని ఒక సంగతి ఉంది. ధమ్మం వినని మనిషి బాధ కలిగినప్పుడు ఇంద్రియ సుఖం వైపే పరిగెత్తుతాడని, బాధ నుంచి బయటపడటానికి ఇంకో దారి అతనికి తెలియదని బుద్ధుడు అక్కడ వివరిస్తాడు. దీన్ని మన పళ్ళెం దగ్గర పెట్టి చూడండి. మధ్యాహ్నం ఎక్కువ తిన్నామని బాధ. ఆ బాధను మరిచిపోవడానికి సాయంత్రం మిక్చర్ పొట్లం. "ఎలాగూ ఈ రోజు పోయింది, రేపట్నుంచి చూద్దాం" అనుకొని రాత్రి ఇంకో రెండు రొట్టెలు. తిండి వల్ల దిగులు పుట్టిందని మనం అనుకుంటున్నాం. దిగులు వల్ల కూడా తిండి పెరుగుతోంది. అందుకే దిగులు పడితే బరువు అదుపులో ఉంటుందన్నది భ్రమ. దిగులు కాపలాదారు కాదు, దొంగకు తలుపు తీసే మనిషి.

పళ్ళెంలో మూడు తృష్ణలు

తృష్ణ అంటే తీపి మీద ఆశ అని మాత్రమే మనం అనుకుంటాం. బుద్ధుడు మూడు తృష్ణలు చెప్పాడు. మూడూ ఒకే పళ్ళెం చుట్టూ కనిపిస్తాయి.

కామ తృష్ణ: ఇంకో ఖాజా కావాలి.

భవ తృష్ణ: నేను సన్నగా కనిపించే మనిషిని కావాలి, ఫోటోలో ఫలానా వాళ్ళలాగా ఉండాలి.

విభవ తృష్ణ: ఈ పొట్ట, ఈ చేతులు, ఈ ఒళ్ళు లేకుండా పోవాలి.

మొదటిదాన్ని మాత్రమే మనం తప్పుగా చూస్తాం. మిగతా రెండింటికీ "క్రమశిక్షణ" అని మంచి పేరు పెట్టుకుంటాం. కానీ మూడూ ఒకే చెట్టు కొమ్మలు. ఖాజా వదిలేసి, నా ఒంటిని నేను అసహ్యించుకుంటూ కూర్చుంటే తృష్ణ తగ్గినట్టు కాదు, కొమ్మ మారినట్టు.

యాత్ర దారిలోనే జవాబు ఉంది

విచిత్రం ఏమిటంటే, మనం దిగులు పడుతూ తిరిగే ఆ దారిలోనే దిగులుకు జవాబు ఉంది. నాలుగు చోట్ల ఆగి చూద్దాం.

*డుంగేశ్వరి గుహలు.* బుద్ధగయకు ఈశాన్యంగా కొండమీద ఉంటాయి. ప్రాగ్బోధి అని కూడా అంటారు. లోపల ఎముకల గూడులా ఉన్న సిద్ధార్థుని బంగారు రంగు విగ్రహం ఉంది. ఆరేళ్ళ తపస్సులో ఆయన ఒంటిని ఎండగట్టాడు. పొట్ట తడిమితే వెన్నెముక చేతికి తగిలేంతగా చిక్కిపోయాడని మజ్ఝిమ నికాయంలోని మహాసచ్చక సుత్తం చెబుతుంది. ఒళ్ళు సన్నబడటమే విముక్తి అయితే ఆ గుహలోనే ఆయనకు బోధి కలగాలి. కలగలేదు. అక్కడ ఆయన చిన్ననాటి అనుభవం ఒకటి గుర్తు చేసుకున్నాడు. నేరేడు చెట్టు నీడలో కూర్చున్నప్పుడు తనంతట తాను కుదిరిన ధ్యానం, అందులోని ప్రశాంతమైన సుఖం. కామంతోనూ అకుశలంతోనూ కలవని ఆ సుఖానికి నేనెందుకు భయపడాలి అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. మన దిగులు మొత్తానికి కీలకం ఈ ప్రశ్నలోనే ఉంది. మనం ఆశకు భయపడాల్సింది పోయి అన్నానికి భయపడుతున్నాం.

*బక్రౌర్.* నిరంజనా నదికి అవతలి ఒడ్డున సుజాత పేరుతో ఇటుకల స్తూపం ఉంది. సుజాత పాయసం కథ మనందరికీ తెలుసు. బలం లేని ఒంటితో ధ్యానం కుదరదని తెలుసుకొని సిద్ధార్థుడు అన్నం తిన్నది ఈ ప్రాంతంలోనే. ఆ పాయసాన్ని ఆయన సిగ్గుపడుతూ తినలేదు, ఆబగానూ తినలేదు. ఎందుకు తింటున్నాడో తెలిసి తిన్నాడు. బోధి కలిగింది తిన్న తర్వాతే.

*సారనాథ్.* ఆయన తిన్నది చూసి ఐదుగురు తోటి తాపసులు ఏమన్నారు? "గౌతముడు సుఖాలకు మరిగాడు, తపస్సు వదిలేశాడు" అని ఆయన్ని విడిచి వెళ్ళిపోయారు. తినేవాడి పళ్ళెం మీద వ్యాఖ్యానం చెయ్యడం నిన్నామొన్నటి అలవాటు కాదన్నమాట! ఆ మాటకు ఆయన తిండి మానలేదు, వాళ్ళ మీద కోపం పెట్టుకోనూ లేదు. బోధి కలిగాక వాళ్ళను వెతుక్కుంటూ నడిచి సారనాథ్ వెళ్ళాడు. మొదటి ఉపదేశం ఆ ఐదుగురికే. అందులో ముందుగా చెప్పింది రెండు అంచులు వదలమని. ఇంద్రియ సుఖాల్లో మునిగిపోవడం ఒక అంచు, ఒంటిని హింసించుకోవడం రెండో అంచు. మధ్యమ మార్గం అన్నమాట పుట్టింది అన్నం తినడం, మానడం చుట్టూ నడిచిన అనుభవంలోంచే.

*శ్రావస్తి.* జేతవనం ఉన్న ఊరు, కోసల రాజు పసేనది ఏలిన ఊరు. ఈ రాజుగారికి తిండి ఎక్కువ. కుంచెడు అన్నం తిని, ఆయాసపడుతూ ఒకరోజు బుద్ధుని దగ్గరికి వచ్చాడు. సంయుత్త నికాయంలోని దోణపాక సుత్తం ఇది. బుద్ధుడు ఆయన్ని ఎగతాళి చెయ్యలేదు, ఫలానాది తినొద్దని పట్టీ రాసివ్వలేదు. ఎరుకతో మోతాదు తెలిసి తినేవాడికి బాధలు పలచబడతాయని, ఒళ్ళు మెల్లగా ముదురుతుందని ఒక చిన్న గాథ చెప్పాడు. రాజు పక్కనున్న సుదస్సనుడనే యువకుణ్ణి పిలిచి, ఆ గాథ నేర్చుకొని రోజూ భోజనం వేళ తనకు వినిపించమన్నాడు. అందుకు రోజుకు నూరు కహాపణాలు ఇచ్చే ఏర్పాటు చేశాడు. రాజు తిండి క్రమక్రమంగా తగ్గి ఒక చిన్న కొలతకు వచ్చింది, ఒళ్ళు తేలికపడింది. ఒకరోజు ఆయన తన ఒంటిని చేత్తో నిమురుకుంటూ, బుద్ధుడు తనకు ఇహంలోనూ పరంలోనూ మేలు చేశాడని సంతోషపడ్డాడు.

ఈ కథలో మూడు సంగతులు పట్టుకోండి. రాజు మార్పు ఒక్క రోజులో రాలేదు, క్రమంగా వచ్చింది. అతను ఒంటరిగా కష్టపడలేదు, గుర్తు చేసే కల్యాణ మిత్రుడు పక్కనున్నాడు. చివర్లో తన ఒంటిని తానే ప్రేమగా నిమురుకున్నాడు. తిట్టుకొని తగ్గినవాడు అలా నిమురుకోలేడు. దీన్నే ధమ్మంలో భోజనే మత్తఞ్ఞుతా అంటాం. భోజనంలో మోతాదు తెలియడం అని అర్థం. దిగులుకు అసలైన మందు ఇదే.

తూకం యంత్రం మాట ఎంతవరకు నమ్మాలి?

ఉన్నది ఉన్నట్టు చూడటం ధమ్మం. కాబట్టి బరువు సంగతి కూడా ఉన్నది ఉన్నట్టే చూద్దాం.

ఐదు రోజుల యాత్ర చేసి వచ్చారు. తూకం యంత్రం రెండు కిలోలు ఎక్కువ చూపించింది. గుండె జారిపోయింది. ఆగండి, లెక్క వేద్దాం. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే మన అవసరానికి మించి సుమారు 7,700 కిలో క్యాలరీలు తినాలి. రెండు కిలోలకు 15,400. ఐదు రోజుల్లో అంటే, రోజూ తినేది కాక, రోజుకు మూడు వేలకు పైగా అదనంగా తిని ఉండాలి. ఇది మామూలు మనిషి రోజు మొత్తం తినేదానికంటే ఎక్కువ. మీరు అంత తిన్నారా? చాలామంది తిని ఉండరు.

మరి ఆ రెండు కిలోలు ఎక్కడివి? ఎక్కువ భాగం నీరు. పచ్చళ్ళు, మిక్చరు, హోటల్ కూరల్లో ఉప్పు ఎక్కువ. ఉప్పు ఒంట్లో నీటిని నిలుపుతుంది. అన్నం, రొట్టె, తీపి ఎక్కువ తిన్నప్పుడు ఒళ్ళు కొంత పిండిపదార్థాన్ని గ్లైకోజన్ రూపంలో దాచుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. గంటల తరబడి కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పాదాలు వాస్తాయి. నీళ్ళు తక్కువ తాగి, వేళ తప్పడం వల్ల మలబద్ధకం వస్తుంది. ఇవన్నీ ఇంటికి వచ్చి మామూలు తిండి తిని, నాలుగడుగులు నడిస్తే కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. అందుకే యాత్ర నుంచి రాగానే తూకం ఎక్కొద్దు. ఒక వారం ఆగి, పొద్దున్నే ఒక్కసారి చూసుకోండి.

అలాగని ప్రయాణంలో ఎంత తిన్నా ఏమీ కాదని చెప్పడం లేదు. కొంత పెరగొచ్చు. అసలు చూసుకోవాల్సింది ఐదు రోజుల తిండిని కాదు, ఆ ఐదు రోజుల్లో అంటుకొని ఇంటిదాకా వచ్చే అలవాటును. రైల్లో మొదలైన నాలుగు గంటల చాయ్, సమోసా ఇంట్లో కూడా కొనసాగితే అప్పుడు జాగ్రత్తపడాలి.

ప్రయాణంలో చేసుకునే సాధన

ఇవి కష్టమైనవేమీ కావు. అన్నీ ఒకేసారి పట్టుకోనక్కర్లేదు. రెండు మొదలుపెట్టినా చాలు.

1. బయలుదేరే ముందు సంకల్పం చేసుకోండి. "ఒక్క కిలో కూడా పెరగను" అని అనుకోకండి. అది మన చేతిలో పూర్తిగా లేదు. "ప్రతి పూటా మొదటి ముద్ద ఎరుకతో తింటాను" అనుకోండి. ఇది మన చేతిలో ఉంది.

2. పళ్ళెం ముందు మూడు శ్వాసలు. ఆనాపానసతి చేసేవాళ్ళకు ఇది తెలిసిన పనే. మూడు శ్వాసలు గమనించి, అడుగుతున్నది ఎవరో చూడండి. కడుపా, నాలుకా, దిగులా? కడుపు అడిగితే పెట్టండి. నాలుక అడిగితే కొంచెం పెట్టి రుచి తెలుసుకోండి. దిగులు అడిగితే దానికి కావాల్సింది తిండి కాదు. కాస్త నీళ్ళు తాగి, ఒక మిత్రునితో మాట్లాడండి, లేదా కళ్ళు మూసుకొని కూర్చోండి.

3. సగం వడ్డించుకోండి. కొత్త ఊళ్ళో కొత్త వంట అన్నీ రుచి చూడాలని ఉంటుంది. చూడండి, తప్పేం లేదు. లిట్టీ చోఖా తినకుండా బీహార్ నుంచి వచ్చేయక్కర్లేదు. కానీ ముందు సగమే పెట్టించుకోండి. అది అయ్యాక ఒక్క నిమిషం ఆగి, ఇంకా ఆకలుంటే మళ్ళీ అడగండి. పసేనది రాజుకు సుదస్సనుడు గుర్తు చేసినట్టు, యాత్రలో ఒక మిత్రుణ్ణి పెట్టుకోండి. ఒకరికొకరు చిన్నగా "ఎరుక" అని గుర్తు చేసుకోవాలి, అంతే. పళ్ళెం మీద తీర్పులు చెప్పకూడదు.

4. నడవండి. చంక్రమణం వల్ల ఐదు లాభాలున్నాయని బుద్ధుడు అంగుత్తర నికాయంలో చెప్పాడు. ప్రయాణానికి ఓపిక వస్తుంది, సాధనకు ఓపిక వస్తుంది, జబ్బులు తగ్గుతాయి, తిన్నది బాగా అరుగుతుంది, కుదిరిన సమాధి చాలాసేపు నిలుస్తుంది. మొదటిదీ నాలుగోదీ చూశారా? ప్రయాణికుల కోసమే చెప్పినట్టుంది. మహాబోధి ఆలయానికి ఉత్తరం పక్కన బుద్ధుడు చంక్రమణం చేసిన చోటు ఉంది. అక్కడ ఫోటో దిగి వచ్చేయకుండా, ఆలయం చుట్టూ ఉన్న దారిలో అరగంట మౌనంగా నడవండి. రైల్లో అయితే గంటకోసారి లేచి పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి రండి.

5. దిగులు వచ్చినప్పుడు దాన్ని గమనించండి. సతిపట్ఠానంలో నాలుగు చోట్ల ఎరుక నిలపమన్నారు కదా. బస్సు కిటికీ పక్కన కూర్చొని ఇలా చూడండి. కాయం: గుండె దగ్గర బిగుతుగా ఉంది, పొట్ట నిండుగా ఉంది. వేదన: ఇది అసుఖంగా ఉంది. చిత్తం: మనసులో భయం ఉంది. ధమ్మం: ఇది కుక్కుచ్చం అనే నీవరణం, కారణం ఉండి పుట్టింది, కారణం పోతే పోతుంది. దాన్ని తరమక్కర్లేదు, దానితో వాదించక్కర్లేదు. వచ్చినదాన్ని వచ్చినట్టు చూస్తే అది కొండంతై కూర్చోదు.

6. రాత్రి పడుకునే ముందు కాళ్ళకు మెత్త ఇవ్వండి. అవును, కాళ్ళకే. "మీరు నన్ను ఇంత దూరం తీసుకొచ్చారు, మీరు సుఖంగా ఉండాలి" అనుకోండి. తర్వాత పొట్టకు, వీపుకు, చేతులకు. సకల ప్రాణుల మీద మైత్రి పంచే మనం మన ఒంటినొక్కదాన్ని ఎందుకు వదిలేస్తాం?

ఇక్కడ ఒక హెచ్చరిక. బరువు తగ్గించుకోవడానికి ఉపోసథాన్ని వాడుకోకండి. పున్నమినాడు అష్టశీలాలు తీసుకొని మధ్యాహ్నం తర్వాత తినకుండా ఉండటం మంచి సాధన. విపస్సన శిబిరాల్లో పాత సాధకులు సాయంత్రం నిమ్మరసం నీళ్ళతో ఉండేదీ ఇందుకే. అది ఆశను గమనించడానికి చేసేది. "నిన్న ఎక్కువ తిన్నాను, ఇవాళ శీలం పేరుతో కడుపు మాడ్చుకుంటాను" అనుకుంటే చేతన మారిపోయింది. పైకి అదే ఉపవాసం, లోపల డుంగేశ్వరి గుహ. కర్మ అంటే చేతనే అని మనకు తెలుసు కదా.

పెట్టే చేతులు, అనే నోళ్ళు

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది ఆకలి చూసినవాళ్ళు. గటకా అంబలీ తాగి పొలం పనికి పోయినవాళ్ళు. వాళ్ళకు "ఇంకొంచెం పెట్టించుకో బిడ్డా" అన్నమాటే ప్రేమ. యాత్రలో పక్కింటి పెద్దమ్మ డబ్బా విప్పి అరిసె చేతిలో పెడితే, "అమ్మో, ఇది తింటే ఎంత బరువో తెలుసా?" అని వెనక్కి తోసేయకండి. రెండు చేతులా తీసుకోండి. సగం తుంచి తిని, "చాలా బాగుంది పెద్దమ్మా, మిగతాది వీళ్ళకు పెడతాను" అనండి. దానం నిలబడింది, మోతాదు నిలబడింది. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న దీక్ష తీసుకున్న నాగపూర్‌కు విజయదశమికి వెళ్ళినవాళ్ళకు తెలుసు, దీక్షాభూమి దారుల్లో ఎంతమంది నిలబడి అన్నం పెడతారో. ఆ చేతులను చూడకుండా క్యాలరీలను మాత్రమే చూస్తే మనం చాలా పోగొట్టుకుంటాం.

ఇక నోటి మాట. మన దగ్గర పలకరింపే ఇలా ఉంటుంది: "ఏంటి, ఇంత లావయ్యావు?" లేకపోతే "ఏంటి, అలా చిక్కిపోయావు?" అనేవాళ్ళు మరిచిపోతారు. పడ్డవాళ్ళు ఏళ్ళ తరబడి మోస్తారు. సమ్యక్ వాక్కులో నిజం ఒక్కటే చాలదు. మేలు చేసేదై, వేళకు తగినదై, మైత్రితో కూడినదై ఉండాలి. యాత్ర నుంచి వచ్చినవాళ్ళను "ఎలా జరిగింది? ఏం చూశారు?" అని పలకరించండి. ఇంట్లో ఆడపిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త. తల్లి అద్దం ముందు నిలబడి తన ఒంటిని తిట్టుకుంటుంటే పక్కన పదేళ్ళ పాప వింటుంది. ఆ పాపకు మనం పాఠం చెప్పకుండానే నేర్పేస్తున్నాం.

మరి అలాంటి మాట మనల్నే అంటే? సారనాథ్ గుర్తు చేసుకోండి. ఆ ఐదుగురూ అన్నారు, వెళ్ళిపోయారు. ఆయన మాత్రం తనకు తెలిసిన దారి వదల్లేదు. ఎక్కువా, సమానమా, తక్కువా అని కొలుచుకోవడం మానం అనే బంధనం. మూడు కొలతలూ బంధనాలే. కొలిచేవాళ్ళను కొలవనివ్వండి. మనం కొలత పక్కన పెట్టి, చిరునవ్వుతో మాట మార్చవచ్చు.

వైద్యుణ్ణి చూడాల్సిన వేళ

ధమ్మ సాధన వైద్యానికి బదులు కాదు. జీవకుని వంటి వైద్యుడు బుద్ధునికీ సంఘానికీ సేవ చేశాడని మరిచిపోవద్దు.

షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు బరువు భయంతో యాత్రలో పూట మానేయకూడదు. చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రమాదం కావచ్చు. తిండి వేళలు మారుతాయనుకుంటే బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడగండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకు రెండు మూడు రోజుల్లో బరువు గబగబా పెరిగి, కాళ్ళ వాపు, ఆయాసం వస్తే అది తిండి వల్ల అనుకొని ఊరుకోకండి. వెంటనే చూపించుకోండి. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉన్నా అంతే.

ఇంకోటి. తిన్నది కావాలని కక్కేయడం, రోజుల తరబడి తిండి మానేయడం, దాచుకొని ఆపలేనంతగా తినడం, ఒంటి మీద అసహ్యంతో బతకాలనిపించకపోవడం. ఇవి మనసుకు వచ్చే జబ్బు గుర్తులు. ఇందులో సిగ్గుపడాల్సింది, తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. మానసిక వైద్యుని దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇలాంటి మిత్రుణ్ణి "ధ్యానం చెయ్యి, అదే పోతుంది" అని వదిలేయకండి. వెంట వెళ్ళండి. కల్యాణ మిత్రుడంటే అదే.

ఈ శరీరం కూడా ఒక బండి

ఎనభయ్యో ఏట, వైశాలి దగ్గర, బుద్ధుడు తన ఒంటిని తాళ్ళు కట్టి నడిపిస్తున్న పాత బండితో పోల్చి ఆనందునికి చెప్పాడు. అంతటివాని ఒళ్ళూ మారింది, సడలింది. ఆ బండి మీదే ఆయన కుశీనగరం దాకా నడిచాడు, చివరి రోజున కూడా ధమ్మం చెప్పాడు. బండికి నూనె వేయాలి, మరీ ఎక్కువ సరుకు ఎక్కించకూడదు, చక్రం కిర్రుమంటే చూసుకోవాలి. అంతేగానీ, బండి అందంగా లేదని ప్రయాణం మానేస్తామా?

మిత్రులారా, మీ ఒళ్ళు ఒక కిలో అటూ ఇటూ అవుతుంది. అనిచ్చం. మీరు బోధి వృక్షం కింద కూర్చునే ఆ గంట మాత్రం మళ్ళీ వస్తుందో రాదో. ఆ గంటను దిగులుకు ఇచ్చేయకండి.

ఈ వారం మననం చేసుకోవడానికి

1. నిన్న నేను తిన్నప్పుడు అడిగింది కడుపా, నాలుకా, దిగులా?

2. నా దిగులుకు నేను రోజూ ఎక్కడెక్కడ మేత వేస్తున్నాను?

3. ఈ మధ్య ఎవరినైనా వాళ్ళ ఒంటి గురించి నొప్పించానా? ఈసారి వాళ్ళను ఎలా పలకరిస్తాను?

4. నేను మానుకున్న ప్రయాణం ఏదైనా ఉందా? దాన్ని ఆపింది నిజంగా ఏది?

ఇంట్లో నలుగురు కూర్చొని చదువుకొని మాట్లాడుకోండి. భోజనానికి ముందు చదివితే ఇంకా మంచిది.

అందరూ ఆరోగ్యంగా ఉండాలి. అందరూ మోతాదు తెలిసి, భయం లేకుండా అన్నం తినాలి. ఆకలితో ఉన్నవాళ్ళకు అన్నం దొరకాలి.

సాధు! సాధు! సాధు!